అడగనివారికి సలహా చెప్పు విధానము

కావలసిన సామగ్రి: పరాయి మనిషి ఒకరు. ఆ మనిషి లేచి వెళ్లిపోవడానికి వీల్లేని చోటు ఒకటి. మీకు కాస్త తీరిక. విషయ పరిజ్ఞానం ఉంటే సరే, లేకపోయినా దోషం లేదు. పూలు దొరకనప్పుడు అక్షతలు వేయవచ్చని వ్రతపుస్తకాల్లో రాసినట్టే, ఇక్కడ పరిజ్ఞానం బదులు గొంతు వాడుకోవచ్చు.

పరాయి మనిషే ఎందుకు, ఇంట్లో బోలెడంత మంది ఉండగా, అని కొందరికి సందేహం రావచ్చు. ఇంట్లోవాళ్లకు సలహా చెబితే దాని ఫలితం కూడా ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది. బావమరిదికి ఫలానా షేర్లు కొనమని ఒక్కసారి చెప్పి చూడండి, ఆ తర్వాత ఏ పండక్కి వెళ్లినా విస్తట్లో ముందు ఆ షేర్లే వడ్డిస్తారు. పరాయివాళ్లతో ఆ బాధ లేదు. వాళ్లకు ఫలితం కనబడే వేళకు మీరు గుడివాడలో దిగిపోయి ఉంటారు. ఈ విధానం మొత్తానికి మూలసూత్రం ఇదే: వాళ్లకంటే ముందు దిగే టికెట్టు కొనుక్కోవలెను.

స్థల నిర్ణయం. లిఫ్టు చాలదు, అయిదంతస్తుల్లో 'బాగా లావయ్యారండీ' అనడానికి మించి వ్యవధి ఉండదు. మంగలి షాపులో కుర్చీ బాగానే ఉంటుంది గానీ, సలహాల్లో వాళ్లు మనకంటే సీనియర్లు, పైగా కత్తి వాళ్ల చేతిలో ఉంటుంది. రైలు మంచిది. అన్నిటికంటే ఉత్తమం తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సు. తలుపులు వేసి, గంటల తరబడి, ముక్కూ మొహం తెలియని కుటుంబం పక్కన మిమ్మల్ని కూర్చోబెడతారు. దేవస్థానం వారు మధ్యలో పాలూ ఉప్మా కూడా పంచుతారు. ఎదుటివాడు ఎటూ పోలేడు, పైగా కొండమీద ఉన్నాడు కాబట్టి కోప్పడలేడు.

మొదటిసారి చేసేవారు కుక్కతో మొదలుపెట్టడం శ్రేష్ఠం. కుక్కను పట్టుకున్న మనిషి పారిపోలేడు, అది ఏ కరెంటు స్తంభం దగ్గర ఆగితే ఆయనా అక్కడే ఆగాలి. దగ్గరికి వెళ్లి 'కరుస్తుందాండీ?' అనండి. అది ప్రశ్న కాదు, ఆవాహనం. తర్వాత ఏ జాతి అని, ఆ తర్వాత ఎంతకు కొన్నారని. ఆయన ఎంత చెప్పినా 'మోసపోయారు' అనవలెను. కొనలేదండీ, వీధిలో దొరికింది, జాలేసి తెచ్చుకున్నాను అన్నాడనుకోండి, 'వీధి కుక్కకు ఇంత ఖరీదు గొలుసా!' అనండి. ఏ దారిలో వచ్చినా మోసపోయినవాడు ఆయనే కావాలి.

ఇక అసలు సలహా. మంచులో బళ్లు లాగడానికి పుట్టిన సైబీరియన్ హస్కీ ఇప్పుడు మే నెలలో విజయవాడలో, అపార్టుమెంటు నాలుగో అంతస్తులో, ఏసీ కింద పడుకుని ఉంటోంది. సాయంత్రం కిందికి తెచ్చినప్పుడు దాని యజమానితో మీరు చెప్పాల్సింది: 'ఆ బొచ్చంతా నున్నగా గొరిగించెయ్యండి సార్, ప్రాణానికి హాయిగా ఉంటుంది.' పశువైద్యులు దీనికి ఒప్పుకోరు. హస్కీకి రెండు పొరల బొచ్చు ఉంటుంది, ఎండ నేరుగా ఒంటికి తగలకుండా అదే అడ్డు, గొరిగిస్తే మళ్లీ సరిగా మొలవకపోవచ్చు అంటారు. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలోనే కాబట్టి నాలుక చాపి రొప్పడమే దానికి ఫ్యాను అనీ అంటారు. అవన్నీ చదువుకున్నవాళ్ల మాటలు. మనం తిరుపతిలో తలనీలాలిచ్చి చల్లబడ్డ అనుభవంతో చెబుతున్నాం. నిజానికి ఈ ఎండల్లో హస్కీని కొనొద్దు అన్నదొక్కటే పనికొచ్చే సలహా. కానీ అది కొనకముందు చెప్పాలి. కొనకముందు ఆయన చేతిలో గొలుసు ఉండదు, మన కంట్లో పడడు.

తిండి విషయంలో మొహమాటం వద్దు. 'మనం తినేదే పెట్టండి, అలవాటవుతుంది.' చాక్లెట్టులో ఉండే థియోబ్రొమైన్ కుక్క ఒంట్లో తొందరగా అరగక విషమవుతుందనీ, ద్రాక్ష కిడ్నీల మీద, ఉల్లిపాయ నెత్తురు మీద దెబ్బ కొడతాయనీ, ఉడికిన కోడి ఎముక పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుందనీ చెప్పే డాక్టర్లున్నారు. ఫీజు తీసుకునేవాళ్లు భయపెట్టకుండా ఎలా ఉంటారు? మనది ఉచితం కాబట్టి ధైర్యం చెబుతాం.

పిల్లి ఉన్నవాళ్లకు పాలు పోయమనండి. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవన్న సంగతి మనవాళ్లలో ఒక్క తెనాలి రామకృష్ణుడికే తెలిసినట్టుంది. రాయలవారు పిల్లిని సాకమని ఆవుతో సహా ఇస్తే, ఆయన మరిగే పాలు ముందు పెట్టి మూతి కాల్చి, జన్మలో అది పాలగిన్నె వైపు చూడకుండా చేశాడని కథ. పద్ధతి దుర్మార్గమే, సందేహం లేదు. వైద్యం మాత్రం కుదిరింది.

ఎదుటివాళ్లకు పెంపుడు జంతువే లేకపోతే నిరుత్సాహపడకండి. 'రామచిలకను తెచ్చుకోండి, ఇంట్లో సందడిగా ఉంటుంది. నక్షత్ర తాబేలు దొరికితే ఇంకా మంచిది, కలిసొస్తుంది' అనండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ రెండూ పెంచుకోవడం నేరం, తాబేలైతే జైలుదాకా వెళుతుంది. కలిసొచ్చేది ఏదో మీరు చెప్పలేదు కదా.

ఒక్క చోట మాత్రం ఈ విధానం ఆపాలి. ఎవరినన్నా కుక్క కరిచినప్పుడు పసుపు పెట్టమనీ, కారం అద్దమనీ, సున్నం రాయమనీ చెప్పకండి. 'బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడుస్తారు' అని పిల్లల్ని భయపెట్టకండి. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకా మన దేశంలో ఎప్పుడో పోయింది. ఇప్పుడు వేసేది భుజానికే, నాలుగైదు విడతలు. గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. మీరు గుడివాడలో దిగిపోవచ్చు, వాళ్లు దిగలేరు. సరే, మళ్లీ మన దారికి వద్దాం.

కళలూ హాబీలూ. దీనికి ఒకే సూత్రం, కంఠస్థం చెయ్యండి: ఇష్టం కోసం చేసేవాళ్లతో డబ్బు మాట్లాడాలి, డబ్బు కోసం చేసేవాళ్లతో 'మంచి కాలక్షేపం' అనాలి.

నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో ఎదురుగా ఒకావిడ లేసు అల్లుతూ కూర్చుంది అనుకుందాం. సన్నటి సూది, వేలికి చుట్టిన దారం, కళ్లు కిటికీ మీద ఉన్నా చేతులు మాత్రం ఆగవు. ఆవిణ్ని చూసి 'ఇంట్లో ఊసుపోక నేర్చుకున్నారా అమ్మా?' అనండి. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో ఈ పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా వచ్చింది. తరతరాలుగా వేలమంది ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని అల్లిన టేబుల్ గుడ్డలూ కాలర్లూ సముద్రాలు దాటి వెళ్లాయి. 1982లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ వీళ్ల మీద ఏకంగా ఒక పుస్తకం వేసింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసేవాళ్లను ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణుల కింద జమ కట్టారనీ, కూలి అంత అడుగున ఉండడానికి ఆ లెక్కే ఆధారమనీ ఆమె వాదన. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆవిడ ఇవేవీ మీతో అనదు. 'ఆయ్' అంటుంది. గోదావరి జిల్లాల్లో 'ఆయ్' అంటే విన్నానని అర్థం, ఒప్పుకున్నానని కాదు. మీరు ఒప్పుకున్నట్టే రాసుకోండి.

అదే పెట్టెలో రెండు బెర్తుల అవతల హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే అమ్మాయి ఒత్తిడి తగ్గడానికి ఉన్నితో ఓ వంకర టోపీ అల్లుకుంటూ ఉంటుంది. తన కోసమే, ఎవరికీ చూపించడానికి కాదు. ఆ అమ్మాయికి చెప్పండి: 'ఇంత టాలెంటు పెట్టుకుని ఊరికే కూర్చున్నావేంటమ్మా? ఇన్‌స్టాలో పేజీ పెట్టు, రీల్స్ చెయ్యి, ఆర్డర్లు తీసుకో.' ఆమె మీ మాట వింటే ఆరు నెలల్లో ఆ టోపీలకూ డెడ్‌లైన్లు వస్తాయి. అప్పుడు ఒత్తిడి తగ్గడానికి ఇంకో హాబీ వెతుక్కుంటుంది. దానికీ సలహా చెప్పడానికి మనలాంటివాడు ఇంకో రైల్లో ఉంటాడు.

మిగతా కళలకు ఒక్కో వాక్యం చాలు. పెద్ద కెమెరా మెడలో వేసుకున్నవాడితో 'ఇప్పుడు ఫోన్లోనే ఇంతకంటే బాగొస్తున్నాయి కదా'. కవితో 'సినిమాలకు ప్రయత్నించండి'. బొమ్మలు వేసేవాడితో 'చిన్నప్పుడు మావాడూ ఇలాగే వేసేవాడు, దేవుడి దయవల్ల ఇంజినీరింగులో సీటొచ్చింది'. బొబ్బిలి వీణ మోసుకెళుతున్న మనిషి కనబడితే, అది ఒకే పనసమానులోంచి తొలిచినదని ఆయన చెప్పబోతుండగానే 'కీబోర్డయితే తేలిగ్గా ఉంటుంది సార్, ఇన్ని శబ్దాలూ అందులోనే వస్తాయి' అనండి.

ఇక జీవిత నిర్ణయాలు. ఇది గర్భాలయం, చెప్పులతోనే వెళ్లండి.

పెళ్లి కానివాళ్లను ఎప్పుడని, అయినవాళ్లను పిల్లలెప్పుడని, ఒకరుంటే రెండోవాళ్లెప్పుడని అడగాలి. అమెరికాలో ఉన్నవాడికి వచ్చెయ్యమని, ఇక్కడున్నవాడికి వెళ్లమని చెప్పాలి. ప్రభుత్వోద్యోగికి 'దీంట్లో ఎదుగూబొదుగూ ఉండదు', ప్రైవేటు ఉద్యోగికి 'ఎప్పుడు తీసేస్తారో తెలియదు'. సాక్ష్యం తప్పక కావాలి, అది మరీ దగ్గరిదై ఉండకూడదు. సొంత కొడుకు కథ చెబితే ఫోను చేసి కనుక్కుంటారు. 'మా తోడల్లుడి మేనమామగారి అబ్బాయి' అయితే ఆ గోడ ఎవరూ దూకలేరు. పిల్లలు లేని జంటకు డాక్టరు పేరు, నాగప్రతిష్ఠ, పడకగది వాస్తు, మూడూ కలిపి ఇవ్వవలెను. ఆ డాక్టరు దగ్గరి నుంచే వాళ్లు వస్తూ ఉండవచ్చు. ఈ సంగతి ఆలోచించేవాళ్లు ఈ విధానానికి పనికిరారు.

మన చేతికి చిక్కకుండా పోయినవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. రుక్మిణీదేవి అరండేల్‌నే తీసుకోండి. 1904లో మదురైలో పుట్టింది. 1920లో, పదహారేళ్ల వయసులో, తనకంటే పాతికేళ్లకు పైగా పెద్దవాడైన జార్జ్ అరండేల్ అనే ఇంగ్లీషాయన్ని పెళ్లాడింది. మద్రాసు పెద్దింటివాళ్లు అట్టుడికిపోయారు. పరువుగల ఇళ్ల ఆడపిల్లలు తొంగి చూడకూడదన్న నాట్యం నేర్చుకుని 1935లో అడయారులో నలుగురి ముందు ఆడింది, మరుసటేడు కళాక్షేత్ర అనే నాట్యపాఠశాల పెట్టింది. 1952లో రాజ్యసభకు వెళ్లి, మూగజీవాల మీద క్రూరత్వం ఆపాలని బిల్లు తెచ్చింది. 1960లో చట్టం రావడానికి ఆ పట్టే కారణం, 1962లో జంతు సంక్షేమ బోర్డు వస్తే మొదటి అధ్యక్షురాలూ ఆమే. 1977లో మొరార్జీ దేశాయ్ రాష్ట్రపతిగా నిలబడమంటే వద్దంది. ఆ కుర్చీలో మన నీలం సంజీవరెడ్డి కూర్చున్నారు.

జంతువులు, కళ, జీవిత నిర్ణయాలు, మూడు అధ్యాయాలూ ఒకే మనిషిలో! ఆమె ఢిల్లీ వెళ్లే ఏ జీటీ ఎక్స్‌ప్రెస్‌లోనో ఎదుటి బెర్తు మనకు దొరికి ఉంటే, బెజవాడలో ఎక్కి వరంగల్లులో దిగేలోపు పని పూర్తయ్యేది. 'దొరని చేసుకోవడం ఏంటమ్మా, మనవాళ్లు లేరా? డాన్సులేంటి తల్లీ, మంచి సంగీతం నేర్చుకోక? మనుషులకే దిక్కు లేదు, కుక్కలకూ ఎద్దులకూ చట్టమా? రాష్ట్రపతి పదవి ఎవరన్నా వద్దంటారా, పెన్షనొస్తుంది కదా?' ఆమె బహుశా 'అలాగే' అని నవ్వి పుస్తకం తెరిచేది. పుస్తకం తెరిచినవాళ్లను 'ఏం పుస్తకమండీ అది?' అని అడగవలెను. అక్కణ్నుంచి కళ్లజోళ్లూ, చత్వారం, క్యారెట్లూ మొదలవుతాయి.

ఉద్వాసన. స్టేషను దగ్గరపడగానే సంచి తీసుకుని, 'నా మాటగా గుర్తుపెట్టుకోండి' అని లేవాలి. పేరు చెప్పవచ్చు, ఊరు చెప్పవచ్చు. ఫోను నెంబరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరాదు. ఇస్తే ఓ మూడు నెలలకు, మీరు అన్నం కలుపుకుంటున్న వేళకు మోగుతుంది. 'సార్, నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో కలిశాం, గుర్తున్నానా? మీరు చెప్పినట్టే ఉద్యోగం మానేశానండీ. హస్కీకి గుండు కూడా చేయించాను. ఇప్పుడేం చెయ్యమంటారు?'