అంకె వ్రాయక యింటికి నరుగరాదు (టీకా తాత్పర్య సహితం)

మూలం

తే. తలుపు మూసెడి సమయము దాటెనేని
ఎవరి శాఖది దోషమో యిట్టె తేల్చి
అంకె వ్రాయక యింటికి నరుగరాదు
మనది యొక్క కుటుంబము మరువవలదు

అవతారిక: ఇది ఒక ప్రాంతీయ విమాన సంస్థ వారి ఎయిర్‌పోర్టు ఆఫీసులో, వాటర్ క్యాను పైన, రోస్టరు పక్కన అతికించిన నోటీసు. కర్త ఆపరేషన్స్ మేనేజరుగారు. ఆయన తెలుగు ఎమ్మే చేసి ఇటు వచ్చారని ఒక ఐతిహ్యం. హెచ్చార్‌లో ఎవరో రాసిస్తే సంతకం మాత్రం ఆయనదని మరొకటి. ఎవరు రాసినా యతి ఎక్కడా తప్పలేదు. ఆ స్టేషన్‌లో వేళకు పడేది అదొక్కటే.

ప్రతిపదార్థం: తలుపు = ఏటీఆర్ 72 విమానానికి తోకవైపున, మెట్లతో సహా కిందికి వాలు ద్వారము; మూసెడి సమయము = టైంటేబులు ప్రకారము మూయవలసిన వేళ; దాటెనేని = దాటినట్లయితే (దాటని దినము కలదా యని అడుగరాదు, అది వ్యాకరణ విషయము కాదు); ఎవరి శాఖది = గ్రౌండు, ఇంజనీరింగు, పైలట్లు, క్యాబిన్ సిబ్బంది, కంట్రోలు రూము వీరిలో ఎవరిది; దోషమో = తప్పో; ఇట్టె తేల్చి = ఆ విమానం అవతలి ఊళ్లో దిగేలోగా తేల్చి; అంకె = ఆలస్యపు కోడు; వ్రాయక = నమోదు చేయక; ఇంటికి = స్వగృహమునకు; అరుగరాదు = వెళ్లరాదు; మనది ఒక్క కుటుంబము = దీని అర్థము తరువాత చెప్పబడును; మరువవలదు = ఒకటో తారీఖున సైతము మరువరాదు.

తాత్పర్యం: విమానం ఆలస్యమైతే తప్పెవరిదో పంచుకుని, అంకె వేసి, కలిసిమెలిసి ఇళ్లకు పోవలెను. మళ్లీ ఆలస్యం కాకుండా ఏం చేయాలో మూలంలో లేదు. లేనిదాన్ని వ్యాఖ్యాత చేర్చరాదు.

విశేషాలు: పద్యానికి ప్రాణం 'అంకె'. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా ఆలస్యాలకు రెండంకెల పట్టిక ఒకటి వేసిపెట్టింది. ప్రయాణికుడు చెకిన్‌కి లేటుగా వస్తే 11. ఇంధనం దగ్గర ఆలస్యమైతే 36. విమానంలో లోపం కనబడితే 41. దిగవలసిన ఊళ్లో వాతావరణం బాగాలేకపోతే 72, చలికాలం పొద్దున్నే గన్నవరం మీద మంచు కమ్మితే వేసేది ఇదే. రోగం ఎక్కడుందో కనిపెట్టడానికి పుట్టిన పట్టిక ఇది. నెలాఖరు మీటింగులో శాఖలవారీగా నిమిషాలు కూడి, ఎక్కువ వచ్చినవారిని నిలబెట్టి అడగడం మొదలయ్యాక, ఎవరి అంకె వారు పక్కవారికి అంటగట్టడమే డ్యూటీ అయింది.

ప్రయోగం చూడండి. విమానం దిగింది. పాతికో ముప్పయ్యో నిమిషాల్లో దింపాలి, ఊడవాలి, నింపాలి, ఎక్కించాలి. కౌంటర్లో బోర్డింగ్ పాసు ఇచ్చిన అమ్మాయే పరుగున గేటుకొచ్చి అనౌన్స్‌మెంటు చెప్పి, లోడ్‌షీట్ పట్టుకుని ఎండలో విమానం దాకా వచ్చింది. తలుపు పడేసరికి ఇరవై రెండు నిమిషాలు లేటు. పదిహేను లోపలైతే టైముకు పోయినట్టే లెక్క. ఇక అంకె తప్పదు. అమ్మాయి ఇంజనీరుగారిని అడిగింది.

"సార్, 41 మీరు తీసుకోండి. లైటు మార్చారుగా."

"లైటు మూడు నిమిషాల్లో అయిపోయిందమ్మా. బౌజరే లేటు. 36 వెయ్యి."

"బౌజరు ముందే వచ్చింది సార్. ఇంధనం ఎంతో కెప్టెన్‌గారు చెప్పలేదు."

కెప్టెన్‌గారు అప్పటికి గాల్లో ఉన్నారు. బౌజరు, అనగా ఇంధనపు ట్యాంకరు, ఆయిల్ కంపెనీది, దాని డ్రైవరు మన మీటింగుకు రాడు. కాబట్టి 36 సర్వసమ్మతం. ఎదుట లేనివాడి మీద దోషం నిలుచును అనేది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం.

అంకెల్లో 93 పరమ పవిత్రమైనది. ఈ విమానం అంతకుముందు ఊరి నుంచే ఆలస్యంగా వచ్చింది, అందువల్ల ఇక్కడా ఆలస్యం అని దాని అర్థం. పూర్వజన్మ కర్మలాంటిది, అనుభవించాలి గానీ చేసిందెవరని అడగకూడదు. చిన్న దూరాలు తిరిగే ఏటీఆర్ రోజుకు ఆరేడు మజిలీలు చేస్తుంది. పొద్దున మొదటి ఊళ్లో పోయిన ఇరవై నిమిషాలు సాయంత్రం దాకా వెంటాడతాయి. మధ్యాహ్నం దాటాక అన్ని స్టేషన్లూ ప్రశాంతంగా 93 వేసుకుంటాయి.

శంక: అయితే మజిలీ మజిలీకీ మధ్య కాస్త వ్యవధి పెట్టవచ్చు కదా?

సమాధానం: పెట్టవచ్చు. కానీ విమానం నేల మీద ఉన్నంతసేపూ పైసా రాదు. చిన్న ఊళ్లకు విమానాలు నడపాలన్న కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద గంట ప్రయాణానికి సగం సీట్లు సుమారు 2,500 రూపాయలకు మించకుండా అమ్మాలన్న షరతుతో 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్ కూడా మొదలైంది. ఆ ధరకు అన్ని ట్రిప్పులు తిప్పితేనే గిట్టుబాటు. మేనేజరుగారి మెడ మీదా ఒక కత్తి ఉందని ఒప్పుకోవాలి. అయితే పట్టికలో 09 అని ఒక అంకె ఉంది. నేల మీద కనీసం ఇంతసేపు కావాలని సంస్థే చెప్పుకున్న వ్యవధి కన్నా టైంటేబులులో తక్కువ పెట్టారు అని దాని అర్థం. అది వేస్తే దోషం పైకి, టైంటేబులు వేసినవారి బల్ల మీదికి పోతుంది. వేసిన చేతిని ఈ వ్యాఖ్యాత ఇంతవరకు చూడలేదు.

ఇక్కడ పరిహాసం కాసేపు పక్కన పెట్టాలి. 1989 మార్చి 10న కెనడాలోని డ్రైడెన్‌లో ఎయిర్ ఒంటారియో అనే ప్రాంతీయ సంస్థ ఫాకర్ విమానం ఆగింది. ఇంజన్లు తిరిగి స్టార్టు కావడానికి పనికొచ్చే సహాయక యూనిట్ విమానంలో చెడిపోయి ఉంది. ఆ ఊళ్లో బయటి నుంచి స్టార్టు చేసే పరికరం లేదు. ఇంజను ఆపితే విమానం అక్కడే చిక్కుబడుతుంది. ఆపకపోతే రెక్కల మీది మంచు తీయించకూడదని సంస్థ నియమం. అప్పటికే ఆలస్యం, లోపల ప్రయాణికులకు అవతల అందుకోవాల్సిన విమానాలున్నాయి. మంచు రెక్కలతోనే లేచి, రన్‌వే దాటగానే కూలిపోయింది. ఉన్న 69 మందిలో 24 మంది పోయారు. విచారించిన జస్టిస్ మొషాన్‌స్కీ కెప్టెన్ మీద ఒక అంకె వేసి ఇంటికి పోలేదు. ఆయన్ను ఆ ఇరకాటంలో పెట్టిందెవరని అడుగుతూ సంస్థ యాజమాన్యం దాకా, మాతృసంస్థ దాకా, ప్రభుత్వ శాఖ దాకా వెళ్లారు. 1992లో వచ్చిన ఆ నివేదిక ఇప్పటికీ విమాన భద్రత చదువుకునేవారికి పాఠం. మన పద్యంలోని 'ఇట్టె' అన్న మాట నాకు నచ్చనిది అందుకే.

ఇక నాలుగో పాదం. కుటుంబము అనగా ఇక్కడ ఉమ్మడి కుటుంబము. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో రోస్టరు మారితే "సరే సార్" అని బొటనవేలు పెట్టడం అందులో కోడలి ధర్మం. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ 2024లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం తెచ్చింది. అలసట రిపోర్టు పెట్టవచ్చు కూడా. పెట్టిన పిల్లను మర్నాడు పిలిచి "ఇంటి గుట్టు బయటపెడతావా అమ్మా" అంటారు. జీతం విషయానికొస్తే, అది ఎన్ని వారాలు ఆలస్యమైనా వేయడానికి పట్టికలో అంకె లేదు. 00 నుంచి 99 దాకా వెతికాం.

పాఠభేదం: నోటీసు మీద ఎవరో పెన్సిలుతో 'మనది యెవరి కుటుంబము' అని దిద్దారు. భ గణం పోయి నలము వచ్చింది, రెండూ ఇంద్రగణాలే గనుక ఛందస్సు చెడలేదు. ఇదే అసలు కవిపాఠమని లోడర్ల సంప్రదాయం.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని అర్థం తెలియక నిత్యం పఠించువారికి 93 సిద్ధించును. అర్థం తెలిసి పఠించువారు రాజీనామా రాసి తరింతురు. పైలట్లకు మాత్రం ఫలం ఆలస్యం. 2017లో డీజీసీఏ పెట్టిన నిబంధన ప్రకారం నోటీసు గడువు కో-పైలట్లకు ఆరు నెలలు, కెప్టెన్లకు ఏడాది.