హైబ్రిడ్ క్లాసు చెప్పబోయే తమ్ముడికి అన్నయ్య సూచనలు

తమ్ముడూ, సాయంత్రం ఆరింటి సెక్షను నీకిచ్చారని తెలిసి సంతోషించాను. పగలంతా న్యూజెర్సీ పిస్కాటవేలోని హోస్ లేన్ ఆఫీసులో మీటింగులు, చీకటి పడ్డాక పాఠం. సగంమంది గదిలో ఉంటారు, సగంమంది జూమ్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో బ్రయన్ బీటీ అనే ఆచార్యుడు 2006 ప్రాంతంలోనే ఇలాంటి పద్ధతికి హైఫ్లెక్స్ అని పేరుపెట్టాడు. పేరుపెట్టి ఊరుకోకుండా, విద్యార్థి ఎక్కడ కూర్చున్నా చదువు సమానంగా అందాలని ఒక నియమం కూడా తగిలించాడు. నువ్వు పేరు తీసుకో, నియమం వదిలెయ్. తెర మీద ఉన్నవాళ్ళు గోడకున్న దేవుడి పటాల్లాంటివాళ్ళు. ఎదురుగా ఉంటారు, మాట్లాడరు, మొదట్లో ఓ నమస్కారం పెడితే చాలు.

ముందు మైకు సంగతి చెప్తాను, ఎందుకంటే హైబ్రిడ్ క్లాసు చెడాలంటే అక్కణ్ణుంచే చెడాలి. కాలరుకు తగిలించుకునే మైకు ఇస్తామంటారు. వద్దను. టేబుల్ మీది ల్యాప్‌టాప్‌లో ఉన్నది చాలు. పాఠం మొదలవగానే దానికి దూరంగా కిటికీ వైపు నడుస్తూ మాట్లాడు. మూడో వరసలో కూర్చున్న అమ్మాయి మంచి ప్రశ్న వేస్తుంది. దాన్ని మళ్ళీ గట్టిగా చెప్పకు. నేరుగా జవాబులోకి దూకి, "అవును, కానీ రెండో సందర్భంలో మాత్రం కాదు" అను. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు జవాబు వినబడుతుంది, ప్రశ్న ఏమిటో ఊహించుకుంటారు. ఊహాశక్తి పెంచడం కూడా చదువులో భాగమే కదా. లెక్క చేసి చూపించాల్సి వస్తే కెమెరాకి అందని బోర్డు చివర చెయ్యి, నీ వీపు అడ్డం పెట్టి. చాట్‌లో ఎవరో "సార్, కనబడట్లేదు" అని రాస్తారు. ఆ చాట్ కిటికీ మూసేసి ఉంచితే ఆ బాధే లేదు. చాట్ చూస్తూ ఉండమని గదిలో ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టే లెక్చరర్లున్నారు, వాళ్ళ సావాసం చెయ్యకు. చివర్లో "అర్థమైందా?" అని అడుగు. అవతల మ్యూట్ తీసేలోపు "మంచిది" అనేసి తర్వాతి స్లైడుకు వెళ్ళిపో.

ఈ ఊరి పిల్లలకు ఇంకో యోగముంది. రట్గర్స్ యూనివర్సిటీ క్యాంపసుల్లో బుష్, లివింగ్‌స్టన్ మన పిస్కాటవే వైపు, కాలేజ్ అవెన్యూ, కుక్-డగ్లస్ రారిటన్ నది దాటాక న్యూ బ్రన్స్‌విక్ వైపు. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఎల్‌ఎక్స్ బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నీ జూమ్‌లోకి వచ్చేవాళ్ళుంటారు. పరీక్షలో రాబోయే అసలు విషయం ఆ మొదటి పది నిమిషాల్లోనే చెప్పెయ్. బస్సు దిగేసరికి అటెండెన్స్ కూడా అయిపోయి ఉండాలి.

వీడియోల విషయంలో పరిశోధనలు నిన్ను తప్పుదారి పట్టిస్తాయి. 2014లో ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ కలిసి ఎడెక్స్ ఆన్‌లైన్ వేదికలోని నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీక్షణలు లెక్కగట్టారు. వీడియో ఎంత పొడుగైనా చూసేవాళ్ళలో సగంమంది ఆరు నిమిషాలకు మించి నిలవలేదని తేల్చారు. ఆరు నిమిషాలట! మనకు గొంతు సవరించుకోవడానికే అంత పడుతుంది. గంటా ఇరవై నిమిషాల పాఠాన్ని ఒక్క ముక్కగా రికార్డు చెయ్, మధ్యలో డోర్‌బెల్ మోగిన చోటు కూడా కోసెయ్యకు. క్యాప్షన్లు యంత్రమే వేస్తుంది, దిద్దకు. మన గుంటూరు ఇంగ్లీషులో మ్యాట్రిక్స్ అంటే అది మ్యాట్రెస్ అని రాసుకుంటుంది. మ్యాట్రెస్‌ను తిరగేస్తే ఏమొస్తుందో పిల్లలు ఆలోచిస్తారు. ప్రభుత్వ కాలేజీల వీడియోలకు సరైన క్యాప్షన్లు ఉండాలని 2024లో అమెరికా న్యాయశాఖ నిబంధన తెచ్చింది గానీ, న్యాయశాఖ వాళ్ళు మన వీడియోలు చూస్తారా? చెవి సరిగా వినబడని పిల్లవాడు ఒక్కడే చూస్తాడు.

హోంవర్కు దండిగా ఇవ్వు. మామూలు క్లాసులో ఇచ్చేదంతా ఉంచి, దాని మీద ఆన్‌లైన్ క్విజ్‌లు, డిస్కషన్ బోర్డు, వీడియోలు, వారం వారం డైరీ కలుపు. దీనికి ఇక్కడివాళ్ళు కోర్సున్నర అని పేరు కూడా పెట్టారు. ఫెడరల్ లెక్క ప్రకారం క్రెడిట్‌కు వారానికి ఒక గంట క్లాసు, రెండు గంటల సొంత చదువు. అంటే మూడు క్రెడిట్లకు తొమ్మిది గంటలు. ఆ కూడిక నీకెందుకు, రాత్రి పెట్రోలు బంకులో పనిచేసి వచ్చే పిల్లలే వేసుకుంటారు. డిస్కషన్ బోర్డులో ప్రతివాడూ ఇద్దరికి జవాబు రాయాలని షరతు పెట్టు. "చాలా బాగా చెప్పావు" అని ఒకరికొకరు రాసుకుంటూ పోతారు. నువ్వు మాత్రం అందులోకి అడుగు పెట్టకు.

అసలు ఎవరికీ నీ అంతట నువ్వు ఉత్తరం రాయకు. అధ్యాపకుడు తనంతట తానుగా, తరచుగా విద్యార్థులతో మాట్లాడకపోతే అది ఆన్‌లైన్ కోర్సు కాదు, కరస్పాండెన్స్ కోర్సేనని, ఫెడరల్ సాయానికి ఇబ్బందని 2021 జులై నుంచి అమల్లో ఉన్న నిబంధనలు చూపిస్తారు. కరస్పాండెన్స్ అయితే తప్పేమిటి? మన ఇళ్ళలో ఎంతమంది అలా డిగ్రీలు తెచ్చుకోలేదు! 1982లో హైదరాబాదులో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయమే ఉంది. ఇండియాలో అదే మొదటిది, ఇప్పుడు అంబేద్కర్ పేరు మీద నడుస్తోంది. కాకపోతే వాళ్ళూ పాఠాలను చిన్న చిన్న భాగాలుగా అచ్చువేసి, స్టడీ సెంటర్లలో కాంటాక్ట్ క్లాసులు పెట్టి, పిల్లల్ని మాస్టారి ఎదుట కూర్చోబెట్టేవాళ్ళు. ఆ ముక్క మనం ఎత్తకూడదు.

మంచు పడిందనుకో, "ఇక సెమిస్టరంతా జూమే" అని ప్రకటించెయ్. కాలేజీని అడగక్కర్లేదు. గదిలోని తెలుగు పిల్లల ముఖాలు పాలిపోతాయి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీదున్నవాళ్ళకు సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అదీ మూడు క్రెడిట్ల వరకే, ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. ఆ ఒక్కటీ వాళ్ళు ముందే వాడేసి ఉంటారు, గదిలో జరుగుతుందనే నీ కోర్సు తీసుకుని ఉంటారు. 2020 జులై 6న, అన్నీ ఆన్‌లైన్ అయితే దేశం విడిచిపోవాలని ప్రభుత్వం చెప్పి, హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాక 14న వెనక్కి తీసుకుంది. ఆ ఎనిమిది రోజుల నిద్రలేమి ఈ పిల్లలకు తెలియదు, నువ్వు కాస్త రుచి చూపించు.

నిజానికి స్వర్ణయుగమంటే ఆ కరోనా ఏడాదే. రట్గర్స్ 2020 మార్చి 23న పాఠాలన్నీ తెర మీదికి మార్చింది. వీసా ఆఫీసులు మూసుండటంతో కొత్తగా సీటొచ్చినవాళ్ళు విజయవాడలో, వరంగల్లో కూర్చునే చదివారు. ఇక్కడ సాయంత్రం ఆరంటే అక్కడ తెల్లవారుజామున మూడున్నర, నవంబరులో గడియారం వెనక్కి జరిపాక నాలుగున్నర. అలాంటివాళ్ళు మళ్ళీ ఎవరైనా తగిలితే కెమెరా తప్పనిసరి చెయ్, రికార్డింగు మాత్రం ఇవ్వకు.

గడువుల గురించి ఒక్క మాట. హోంవర్కులు తీసుకునే కాన్వాస్ సైటు తనంతట తాను రాత్రి 11:59 అని పెడుతుంది. దాన్ని "శుక్రవారం రాత్రి 12" అని మార్చు. గురువారం పోయి శుక్రవారం వచ్చే రాత్రా, శుక్రవారం పోయే రాత్రా అన్నది చర్చనీయాంశంగా మిగలాలి.

పరీక్షకు కాపలా సాఫ్ట్‌వేర్ పెట్టు, అదీ పరీక్ష ముందురోజు చెప్పి. రట్గర్స్‌లో 2015లో ప్రాక్టర్‌ట్రాక్ అనేదాన్ని తెస్తే ముఖమూ, చేతి కణుపులూ, ఐడీ కార్డూ కెమెరాకి చూపించమనడం మీద విద్యార్థులు సంతకాల ఉద్యమమే నడిపారు. పుస్తకం తెరిచి ఆలోచించి రాసే ప్రశ్నలిస్తే కాపలాతో పనిలేదని కొందరంటారు. అలాంటి ప్రశ్నలు తయారుచెయ్యాలంటే ముందు మనం ఆలోచించాలి. ఎవరికుంది తీరిక?

నడి సెమిస్టరులో "ఎలా సాగుతోంది?" అని అడగొద్దు, అడిగితే మార్చాల్సి వస్తుంది. కాలేజీవాళ్ళే చివర్లో ఒకటి నుంచి అయిదు దాకా మార్కులేసే సర్వే పంపుతారు. "వెనక బెంచీల ప్రశ్నలు ఒక్కటీ వినబడలేదు" అని ఒకడు రాస్తాడు. అది నీ చేతికొచ్చేసరికి ఆ కుర్రాడు కోర్సు దాటిపోయి ఉంటాడు. కొత్త సెమిస్టరుకు పాత రికార్డింగులే ఎక్కించు. "వచ్చే మంగళవారమే మిడ్‌టర్మ్" అని అందులో నువ్వే చెప్పి ఉంటావు. ఏ మంగళవారమో వాళ్ళే కనుక్కుంటారు.