ఒక పర్మిటు ఆత్మకథ

నేనొక కాగితమును. నా యొడలిపై ఒక మనుష్యుని పేరును, నాలుగు దినముల తేదీలును, అలాస్కా రాష్ట్ర మత్స్య వన్యప్రాణి శాఖవారి పేరును తప్ప చెప్పుకొనదగినది మఱేమియు లేదు. అయినను మెక్‌నీల్ నదీజలపాతమున గోధుమవన్నె ఎలుగుబంట్లను కన్నులార చూడగోరువారు నాకై ఏటేట దరఖాస్తు పెట్టుకొని యెదురుచూచుచుందురు.

మార్చి మొదటి తేదీలోపల దరఖాస్తును, తిరిగి యీయబడని రుసుమును పంపినవారి నుండి లాటరీ తీసి కొందఱిని ఎంపిక చేయుదురు. వారు పర్మిటు రుసుమును వేఱుగా కట్టవలయును. అది రాష్ట్రవాసులకు తక్కువ, బయటివారికి హెచ్చు. ప్రజల భూమిని ప్రజలు చూచుటకు రుసుమేల, నియమమేల యని యడుగువారికి నా వంశచరిత్రయే సమాధానము. 1967లో ఆ ప్రదేశము వన్యప్రాణులకు అభయస్థానమయ్యెను గాని, రాకపోకలకు అదుపు లేకుండుటచే మనుష్యులు విచ్చలవిడిగా తిరుగాడ, ఎలుగులు తమ భోజనస్థలమునే విడిచి తొలగిపోజొచ్చెను. 1973లో నా పూర్వులు పుట్టిరి. నాటినుండి దినమునకు 10 మందికి మించి జలపాతముకడకు పోరాదు, పోవువారును శాఖోద్యోగి వెంట, ఒకే త్రోవను నడచి, ఒకే చోట కూర్చుండవలయును.

నన్ను పొందినది ఒక వృద్ధోపాధ్యాయిని. హోమర్ నుండి నీటిపై వ్రాలు చిన్న విమానములో సముద్రశాఖను దాటి, తడియకుండ ప్లాస్టిక్ సంచిలో నన్నుంచుకొని, జూలై మాసమున ఆమె నదిని చేరెను. చమ్ సాల్మన్ చేపలు ప్రవాహమున కెదురెక్కుచుండ, ఒక తల్లి యెలుగు తన రెండు పిల్లలను మనుష్యులకు సమీపమున గడ్డిలో విడిచి నీటిలోనికి దిగెను. పట్టిన చేపయొక్క చర్మమును, గ్రుడ్లను మాత్రము తిని, తక్కినది కాకులకు, సముద్రపక్షులకు వదలెను. ఆ జలపాతమున ఒక్కసారిగా 74 ఎలుగులను లెక్కించిన సందర్భము గూడ కలదు. మనుష్యుడు ప్రతిదినము అదే త్రోవను వచ్చును, తిండి పెట్టడు, హాని చేయడు అని తరతరములుగా నేర్చిన ధైర్యమే ఆ తల్లి నడకలో నాకు కనిపించెను.

ఎలుగుబంటి దర్శనమునకు వెల కట్టగలవారెవరును లేరు. నాకై చెల్లించునది ఉమ్మడి సొత్తును కాచుకొనుటకైన వ్యయములో ఒకరి వంతు మాత్రమే. చీటి రాక ఈ యేటికి ఇంటనే నిలిచిపోయినవారు అంతకంటె నెక్కువ చెల్లించినవారని నా విశ్వాసము. వారు రాకుండుటవలననే ఆ నది యెలుగులకు నదిగా మిగిలినది.