సముద్రం వైపు గడపను

నేను పుట్టింది ప్రకాశం జిల్లా చీమకుర్తిలో. నల్లటి ఒంట్లో బంగారు రవ్వలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ మాది. ఎనిమిదడుగుల పలకగా కోసి, నునుపు పట్టి, లారీ మీద విశాఖపట్నం తెచ్చారు. లాసన్స్ బే కాలనీలో ఒక ఇంట్లో, హాలుకీ సముద్రం వైపు సిటౌట్‌కీ మధ్య పరిచారు. వీధి గుమ్మం గడపకు ప్రతి శుక్రవారం పసుపూ కుంకుమా. నాకు పండగలకి మాత్రమే. అయినా ఈ ఇంట్లో బరువైన కొలువు నాదే. గాలి, ఎండ, వాన, ఉప్పు, ఇసుక అన్నీ నన్ను దాటే లోపలికి వెళ్ళాలి.

ఇప్పటికి నా మీద మూడు తలుపులు నిలిచాయి. మనుషులు తలుపు ముఖం చూసి మెచ్చుకుంటారు. నాకు తెలిసింది దాని అడుగు. నీళ్ళు ఎక్కడ ఆగుతాయో, చక్రం ఎక్కడ పట్టేస్తుందో, బరువు ఎటు ఒరుగుతుందో ముందు నాకే తెలుస్తుంది.

మొదటిది టేకు తలుపు. తాతగారు పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో ఏళ్ళ తరబడి చూశారు. ఇనప బందులు చాలని వడ్రంగి ఎంత చెప్పినా వినలేదు. బందులూ గడియలే కాదు, స్క్రూలు కూడా ఇత్తడివే వేయించారు. నాలుగు రెక్కల తలుపది. మడిచి రెండు పక్కలకీ తోస్తే ఎనిమిదడుగుల గుమ్మమూ తెరుచుకునేది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక హాల్లో ఫ్యాను ఊసే ఉండేది కాదు. అంత తెరపు తర్వాత వచ్చిన రెండు తలుపుల్లోనూ నేను చూడలేదు.

టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి చెదకు తేలిగ్గా లొంగదు. కానీ ఎంత మంచి కర్రయినా గాలిలో తేమను తాగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో రెక్కలు ఉబ్బి నన్ను రాసుకునేవి. మాఘమాసపు పొడిగాలికి సందులు పడేవి. ఏటా వానలకు ముందు తాతగారు దగ్గరుండి అవిసెనూనె పట్టించేవారు, అడుగు అంచుక్కూడా. ఆ అడుగు అంచే ప్రాణం, ఎవరి కంటికీ కనబడదు గనక. ఆయన పోయాక ఆ పని ఎవరికీ పట్టలేదు. సరిగ్గా నాకు ఆనుకునే చోట కర్ర వాననీరు పీల్చి మెత్తబడింది. వేలితో నొక్కితే లోపలికి పోయేది. టేకు మోసం చేసిందని ఇంట్లో అన్నారు. తప్పు టేకుది కాదు. ఏటా ఒక పూట దానికోసం కేటాయించగలిగే ఇంటికి ఇప్పటికీ టేకును మించింది లేదని నా నమ్మకం.

రెండోది అల్యూమినియం స్లైడింగు తలుపు. కొడుకు షోరూముకు వెళ్ళి, ఏసీ గదిలో, ఎండా వానా లేని చోట నిలబెట్టిన నమూనా చూసి మురిసిపోయాడు. వేలితో తోస్తే జారిపోయింది, అద్దంలోంచి అంతా కనబడింది, ధర కుదిరింది. అల్యూమినియం చెడ్డదని కాదు. మందం, పైపూత మంచివైతే సముద్రం పక్కన కూడా చాలాకాలం ఉంటుంది. మా ఇంటికొచ్చింది పల్చటి రకం. అద్దం మామూలు అద్దం. తూర్పెండ తగిలితే ఫ్రేము చెయ్యి పెట్టనిచ్చేది కాదు. అల్యూమినియం గుండా వేడి ప్లాస్టిక్‌తో పోలిస్తే వందల రెట్లు ఎక్కువగా పాకుతుంది.

నన్ను బాధించింది మాత్రం అడుగు ట్రాక్. దానికి బయటివైపు నీళ్ళు పోయే బెజ్జాలుండాలి. బిగించినవాళ్ళు వాటిని సిలికాన్‌తో కప్పేశారు. వాన పడితే ట్రాక్ నిండి, నీళ్ళు నా మీంచి హాల్లోకే దొర్లేవి. చక్రాల బేరింగులు తుప్పు పట్టి రెక్కను తోయడానికి ఇద్దరు కావలసి వచ్చేది. పైగా ఆ ట్రాక్ నా మీద రెండంగుళాలు లేచి ఉండేది. మామ్మగారు కాలు తట్టుకుని పడ్డారు. తుంటి ఎముక విరిగింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల చుట్టుపక్కల గాలి. పొద్దున ఒక దిక్కునుంచి కొట్టి, మధ్యాహ్నం కాసేపు ఆగింది. తుపాను కన్ను ఊరి మీదికి వచ్చిందన్నమాట. ఆ కాస్త నెమ్మదికి మోసపోయి బయటికి రావలసింది కాదని ఈ తీరంవాళ్ళకు తెలుసు. ఇంట్లోవాళ్ళు నడిమి గదిలోనే తలుపు వేసుకుని కూర్చున్నారు. గాలి దిక్కు మార్చి రెండోసారి విరుచుకుపడినప్పుడు పల్చటి ఫ్రేము లోపలికి వంగింది, అద్దం పగిలింది. మామూలు అద్దం పొడుగాటి కత్తుల్లా పగులుతుంది. అలాంటి ముక్క ఒకటి ఎదురుగోడకు గుచ్చుకుని నిలిచింది. తలుపు పోయాక గాలి లోపల జొరబడి పై వరండా రేకుల్ని ఎత్తేసింది. ఇల్లు కాపాడవలసిన తలుపే గాలికి దారిచ్చింది.

మూడో తలుపును ఎంచింది కోడలు. ఈసారి షోరూముకు వెళ్ళే ముందు నా దగ్గర కూర్చుంది. ఎండ ఎప్పుడు ఎక్కడిదాకా వస్తుందో సుద్దతో గీతలు గీసింది. వాన ఏ మూల నుంచి కొడుతుందో మామ్మగారిని అడిగింది. "అమ్మాయ్, నాకు వాకరుతో అవతలికి పోవడం కుదరాలి. సాయంత్రం దోమ రాకూడదు, గాలి రావాలి. ఏ తలుపైనా నాకొకటే," అన్నారావిడ. అసలు లెక్క ఆ రెండు ముక్కల్లోనే ఉంది.

బయటికి తెరుచుకునే రెక్కలు వద్దనుకుంది, ఈ గాలికి విసిరికొడతాయని. మడత తలుపు మీద మనసుపడింది గానీ, కీళ్ళు ఎక్కువైన కొద్దీ ఉప్పుకు చిక్కే చోట్లూ ఎక్కువేనని మానుకుంది. చివరకు మూడు ట్రాకుల స్లైడింగు: రెండు అద్దం రెక్కలు, ఒక దోమతెర రెక్క. సగం గుమ్మమే తెరుచుకుంటుంది. వాకరుకు నాలుగడుగులు ధారాళంగా సరిపోతాయి. ఫ్రేముకు తెల్ల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గొట్టాలు. ముదురు రంగు ఎండకు ఎక్కువ కాగుతుందని తెలుపు. ఇంత వెడల్పు గుమ్మానికి ఆ గొట్టాల లోపల గాల్వనైజ్డ్ స్టీలు ఉండి తీరాలి, లేకపోతే వంగుతుంది. ఉందని నోటిమాటగా చెబితే నమ్మలేదు. బలమైన అయస్కాంతం తెచ్చి ప్రతి గొట్టానికీ ఆనించి చూసింది.

అద్దం దగ్గర బేరం ఆడలేదు. టఫెన్డ్ అద్దాన్ని 600 డిగ్రీలు దాటేలా కాచి ఒక్కసారిగా చల్లబరుస్తారు. పగిలితే మొండి గుళ్ళుగా రాలుతుంది, ఒళ్ళు కోయదు. కానీ రాలిపోయాక గుమ్మం బోసిపోతుంది, గాలికి మళ్ళీ దారి. అందుకని రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికిన లామినేటెడ్ తీసుకుంది. పగిలినా ముక్కలు ఆ పొరను పట్టుకునే ఉంటాయి. రెండు పలకలూ టఫెన్డ్ చేసినవే, ఒక్కోటి 5 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఒక్కో రెక్కకు అద్దం బరువే 65 కిలోల దాకా తేలింది. కాబట్టి అంత బరువు మోసే చక్రాలు, అదీ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి. మామూలు 304 గ్రేడులో లేని మాలిబ్డినం అందులో ఉంటుంది, ఉప్పును తట్టుకునేది అదే. టఫెన్ చేసిన అద్దాన్ని మళ్ళీ కోయలేరు. అందుకని కొలతలు పైన, మధ్య, కింద మూడు చోట్లా తీయించింది.

ఇక నా సంగతి. గడప ఎత్తుగా ఉంటే వాన ఆగుతుంది, మామ్మగారు ఆగిపోతారు. గడప పల్లంగా ఉంటే ఇద్దరూ దాటేస్తారు. ఈ చిక్కుముడి తలుపు కంపెనీవాళ్ళెవరూ విప్పరు. తాపీమేస్త్రీ విప్పాడు. సిటౌట్ నేలను నాకంటే కిందికి దింపి, బయటికి వాలు ఇచ్చాడు. వాకరుకు చిన్న ర్యాంపు కట్టాడు. నాకు బయటి అంచునే జాలీ మూతతో సన్నటి కాలువ తీశాడు. పైన సన్‌షేడ్‌ను మూడడుగులు ముందుకు పెంచాడు. ట్రాక్‌ను నాలో గాడి కోసి దింపారు. ఒంట్లో రంపం దిగినా నాకు సంతోషమే. మామ్మగారు ఆ సాయంత్రమే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సముద్రం వైపు వెళ్ళి కూర్చున్నారు.

నన్నడిగితే తలుపులో మొదటి భాగం సన్‌షేడ్, రెండోది వాలు. ఫ్రేమూ అద్దం ఆ తర్వాతే. ఇంటికి తలుపు కొనబోయేవారు రంగుల పుస్తకం తెరిచే ముందు ఒక్క వానాకాలం మీ గుమ్మాన్ని గమనించండి. బిగించే రోజున దగ్గరుండండి. పని అయిందనగానే ఒక బకెట్టు నీళ్ళు ట్రాక్‌లో పోయించండి. నీళ్ళన్నీ బయటికే పోతే మిగతా డబ్బు ఇవ్వండి. ఒక్క చెంబెడు లోపలికి వచ్చినా, సరిచేసేదాకా ఇవ్వకండి.