తాళంచెవి ఎవురి దగ్గరుంది?

సెలవుల్లో పిల్లలు పుస్తకాలు చదవాలని మనవాళ్లకు ఏటా ఏప్రిల్లోనే గుర్తొస్తుంది. సరిగ్గా అప్పుడే బడిలో పుస్తకాల బీరువాకు తాళం పడుతుంది. 2025లో ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం, బళ్లు మళ్లీ తెరిచింది జూన్ 12న. నడుమ 49 రోజులు ఆరో తరగతి పిల్లోడికి బోలెడంత తీరిక, బీరువాకు బోలెడంత భద్రత.

తప్పు హెచ్చెమ్‌ది కాదు, స్టాక్ రిజిస్టరుది. ‘‘పిలకాయలకిస్తే మళ్లీ తెచ్చిస్తారా సార్? ఒకటి పోతే ఎవురు కట్టల్ల, నేనా?’’ అంటాడాయన. నిజమే. పుస్తకం చదివించలేదని ఎవరికైనా మెమో వచ్చినట్టు నేను వినలేదు. అందుకే అట్ట నలగకుండా, కొత్త వాసన పోకుండా అన్నీ లెక్కకు సరిపోతాయి. వేసవంతా వాటిని శ్రద్ధగా చదివేవి చెదపురుగులే. అవి సంతకం పెట్టవు, ఇంటికీ పట్టుకుపోవు.

మరి ఊళ్లో గ్రంథాలయం లేదా అంటారా, ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు దానికోసమే కడుతున్నాం. ఆ పైసలు పురపాలక సంఘం గుమ్మం దాటి గ్రంథాలయ సంస్థకు చేరేసరికి వాటికీ వయసైపోతుంది. వేసవి శిబిరాలు పెడతారు, అది మంచిదే. ప్రారంభోత్సవం ఫొటోలో ముందు వరసలో పెద్దలు, వెనక పిల్లలు, వాళ్ల వెనక అద్దాల తలుపుల్లో పుస్తకాలు!

మదనపల్లె సంగతే చూడండి. 1919లో ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషు చేసింది ఇక్కడి బీసెంట్ కాలేజీలోనే. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిందీ ఈ ఊళ్లోనే, 1895లో. మన పిల్లలకు ఇవి రెండూ ఒక్కో మార్కు ప్రశ్నలు. చిన్నప్పుడు ఆ కృష్ణమూర్తిని పంతుళ్లు మందబుద్ధి అనుకున్నారట. ఇప్పుడు పుట్టుంటే మే నెలలోనే ఐఐటీ ఫౌండేషన్ బ్రిడ్జి కోర్సులో పడేసి బాగుచేసి ఉండేవాళ్లు. ఫీజు కట్టలేని ఇంటి పిల్లోడు టమాటా తోటలో క్రేట్లు మోస్తాడు. వాడి చేతిలో ఓ కథల పుస్తకం పెట్టాలని ఏ కోర్సుకూ తోచదు.

పుంగనూరు పిల్లలు మాత్రం వెనకబడలేదు. తమ ఊరి పేరున్న పొట్టి ఆవును రీల్స్‌లో రోజూ చూస్తున్నారు. 2024 సంక్రాంతికి ప్రధాని వాటికి మేత పెట్టిన వీడియో ఎన్నిసార్లు చూశారో. దాని మీద రెండు పేజీలు చదివి వినిపించమంటే మాత్రం నెట్ లేదంటారు.

కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయమే ఉంది. మూడు రాష్ట్రాలు కలిసే ఊరు కాబట్టి పిల్లోడు బస్టాండులోనే మూడు భాషల్లో బేరమాడతాడు. చదవడం దగ్గరికొస్తే మూడింట్లోనూ బోర్డులే.

అమెరికాలో బార్బరా హెయిన్స్ అనే ఆవిడ అట్లాంటాలో ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని పరిశీలించి 1978లో పుస్తకం అచ్చేసింది. వేసవిలో పిల్లలు చదవడానికీ, ఇంటికి గ్రంథాలయం ఎంత దూరమన్నదానికీ సంబంధం ఉందని తేల్చింది. మనకా బెంగ లేదు. బడి వీధి చివరే, బీరువా బడిలోనే. తాళంచెవి ఒక్కటే హెచ్చెమ్ గారితోపాటు అత్తగారి ఊరెళ్లింది.

కాబట్టి నాదొక మనవి. ఆఖరి పనిదినాన బీరువా మొత్తం ఖాళీ చేసి, తలా ఆరు పుస్తకాలు సంచిలో వేసి పంపండి. కొన్ని పోతాయి. ఒకదాని మీద చెల్లెలు పెన్సిలుతో మీసాలు గీస్తుంది, ఇంకోదానికి మామిడిరసం అంటుతుంది. రిజిస్టరులో ‘చదివి చింపినవి’ అని ఒక గడి కొత్తగా గీసి వాటిని అందులో రాసేయండి.

ఇదే మాట హెచ్చెమ్ గారితో అన్నాను. ఆయన రిజిస్టరు తెరిచి, మార్జిన్‌లో స్కేలు కూడా పెట్టి చూశాడు. ‘‘చోటుంది సార్,’’ అన్నాడు, ‘‘కానీ గీత గీయాలంటే పైనుంచి జీవో రావల్ల.’’