దువ్వెన విషయమై తహసీల్దారు గారికి అర్జీ

మహారాజశ్రీ పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గారి సముఖమునకు, బూర్గంపాడు నివాసి, ఒక గృహస్థు నమస్కరించి చేసుకునే మనవి.

విషయం: పెళ్లిరోజున బంగారం కొనకుండా వెదురు దువ్వెన చేసిచ్చిన నేరంపై రక్షణ కోరుట గురించి.

అయ్యా,

మీరు పదవి దిగి మూడు వందల ఏళ్లు దాటింది. ఆ తర్వాత మీ ఇలాకాను చాలామంది కత్తిరించి కుట్టారు. భద్రాచలం 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మంలోకి వచ్చింది. 2014లో మా మండలంలోనే కొన్ని ఊళ్లు ఆంధ్రకు పోయాయి, మిగిలినవాళ్లం తెలంగాణలో ఉన్నాం. 2016లో జిల్లా పేరులోకి మీ భద్రాద్రే వచ్చి కూర్చుంది. ఇన్ని ఆఫీసుల్లో నా ఫిర్యాదు ఎవరి పరిధిలోకి వస్తుందో ఎవరూ తేల్చలేరు. కానుకల వ్యవహారంలో జైలుకు వెళ్లొచ్చిన అనుభవం ఉన్న అధికారి మీరొక్కరే కనుక మీకే దాఖలు చేసుకుంటున్నాను.

నేరం ఏమిటంటే, మా ఇంటావిడ జుట్టు ఒత్తు, పైగా ఉంగరాలు. షాపు దువ్వెనలు ఆ జుట్టుకు ఆగవు. నెల తిరిగేసరికి పళ్లు రాలి బోసినోరు పెడతాయి. అందుకని పెరట్లో ఎండిన వెదురు తీసుకున్నాను. (కంగారు పడకండి, 2017లో చట్టం మార్చారు. అడవి బయట పెరిగిన వెదురు ఇప్పుడు చట్టం కంటికి చెట్టు కాదు.) పచ్చి వెదురు పనికిరాదు, ఆరేకొద్దీ వంకర పోతుంది. కణుపుకూ కణుపుకూ మధ్య ముక్క తీసుకోవాలి. తొక్క వైపు గట్టి, లోపలి వైపు మెత్తన. కాబట్టి లోపలి వైపు చెక్కి పలచన చేసి, గట్టి భాగాన్ని పళ్లకు ఉంచుకోవాలి. సన్న రంపంతో పళ్లు కోశాక అసలు పని మొదలవుతుంది. ప్రతి పంటి సందులోనూ గాజుపెంకుతో గీకాలి. ఒక్క పీచు మిగిలినా అది జుట్టును పట్టుకుని వదలదు. చివర్న ఇప్పనూనె రాసి నీడలో ఉంచాను.

మా బావమరిది దాన్ని తిప్పి తిప్పి చూసి, “బావా, సంతలో ఇట్లాంటివి ఎన్ని కావాలన్నా దొరుకుతాయి, మా అక్కకు ఇదా?” అన్నాడు. ఆ సాయంత్రానికి వీధి వీధంతా నన్ను పిసినారి అంది. 2025లో తులం బంగారం లక్ష దాటింది కదా, అప్పటి నుంచి ఈ ఊళ్లో ప్రేమను తూకం వేయడం ఇంకా తేలికైంది.

అయ్యా, దువ్వెన తక్కువ కానుక ఎలా అవుతుంది? బస్తర్ నుంచి వచ్చి మన ఏజెన్సీ అడవుల్లో గూడేలు కట్టుకున్న గుత్తికోయల్ని అడగండి. వాళ్ల మురియా బంధువుల ఘోటుళ్లలో, అంటే పడుచువాళ్లు కలిసి ఉండే ఇళ్లలో, కుర్రాడు తన పిల్లకు దువ్వెన చెక్కి ఇవ్వడం పాత మర్యాద. ఆ పిల్ల దాన్ని దాచుకోదు, నలుగురికీ కనబడేలా జుట్టులో దోపుకుంటుంది. వెరియర్ ఎల్విన్ 1947లో ఘోటుల్ మీద రాసిన లావుపాటి పుస్తకంలో ఈ సంగతి నమోదైంది. అంటే నా కేసుకు పూర్వోదాహరణ ఉంది.

ఇక మీ ఫైలు చూద్దాం. మీరు సీతమ్మకు చింతాకు పతకం చేయించారు, దానికి పదివేల మొహరీలు పట్టాయని మీరే పాడుకున్నారు. లక్ష్మణుడికి, భరతుడికి, శత్రుఘ్నుడికి కూడా తలా ఒకటి. ఆఖరికి రాముడి మీదే ఎగిరిపడి లెక్క అప్పజెప్పారు. కానుక ఇచ్చి పద్దు చదివి వినిపించిన భక్తుడు మీరే! ఖర్చుపెట్టింది సర్కారు సొమ్మని మిమ్మల్ని పన్నెండేళ్లు గోల్కొండ బందీఖానాలో ఉంచారంటారు. చివరికి రామలక్ష్మణులే సిపాయిల వేషంలో వచ్చి సుల్తాను తానీషాకు మీ బాకీ కట్టారని కథ. అంటే పుచ్చుకున్నవాళ్లే డబ్బు కట్టుకున్నారన్నమాట. నవ్వుతున్నానని అనుకోకండి, మా దగ్గర ఇది ఏటా జరిగేదే. పెళ్లాం మెడలో వేసిన గొలుసు మిర్చి పెట్టుబడికని బ్యాంకులో కుదువకు పోతుంది. విడిపించేదాకా ఆవిడే గుట్టుగా చీటీలు కడుతుంది.

మా పక్కనే సారపాకలో అట్ట తయారవుతుంది. రకరకాల సరుకు దాంతో చేసిన పెట్టెల్లో సర్దుకుని దేశమంతా తిరుగుతుంది. అలాంటి పెట్టెలో కానుకగా వచ్చే మగ్గు మీద ఇద్దరి ఫోటో ఉంటుంది. ఫోటో మారిస్తే ఇంకెవరికైనా సరిపోతుంది. చేత్తో చేసినదల్లా గొప్పదని కూడా నేను వాదించను. యూట్యూబులో చూసి ఐస్‌క్రీం పుల్లలతో అతికించిన గుండె బొమ్మదీ అదే జబ్బు. నా దువ్వెన సందులు మాత్రం ఒక్క తలను చూసి కొలిచినవి. మా బావమరిది పెళ్లానికి అది పనికిరాదు, ప్రయత్నించి చూశారు.

ఈ విషయంలో మీకంటే పెద్ద సాక్షి ఉంది. సుందరకాండలో సీతమ్మ హనుమంతుడికి చూడామణి ఇచ్చింది. అయినా నగతో సరిపెట్టలేదు. ఒకనాడు తన బొట్టు చెరిగిపోతే రాముడు మనశ్శిల అనే ఎర్రరాయితో చెక్కిలి పక్కన తిలకం దిద్దాడు. అది గుర్తు చెయ్యమని కబురు పంపింది. నగను పుట్టింటివాళ్లు చూశారు, అత్తింటివాళ్లు చూశారు. ఆ ఎర్రబొట్టు సంగతి ఇద్దరికే తెలుసు. పర్ణశాల వెళ్తే సీతమ్మవాగు దగ్గర పసుపు రాళ్లు, కుంకుమ రాళ్లు ఇప్పటికీ చూపిస్తారు. తిలకం దిద్దింది ఎక్కడైనా కానీ, రాళ్లు మా దగ్గరా ఉన్నాయి కదా.

రామనవమికి ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. కోరుకొండ భక్తులు మాత్రం వడ్లను గింజ గింజగా గోళ్లతో ఒలిచి, ముక్కు విరగకుండా తెచ్చిస్తారు. ఆ జంట ఏవి ముందు దోసిట్లోకి తీసుకుంటుందో మీకే తెలియాలి.

మీ విషయంలోనూ ఒకటి అడగాలి. గోల్కొండ బందీఖానా గోడ మీద రాముడిని, సీతను, లక్ష్మణుడిని, హనుమంతుడిని మీరే చెక్కారని చూడవచ్చినవాళ్లందరికీ చెబుతారు. చేతిలో ఖజానా లేదు, కంసాలి లేడు. ఆ గోడ ఖర్చు మాత్రం మీ కీర్తనల్లో ఎక్కడా రాసుకోలేదు. ఎందుకండీ?

కాబట్టి ప్రార్థించేది: నా మీద మోపిన పిసినారితనం అభియోగాన్ని కొట్టివేయవలెను. దువ్వెనను స్త్రీధనం కింద నమోదు చేయించవలెను. బ్యాంకువారు దాన్ని కుదువ పెట్టుకోరు కనుక ఎప్పటికీ ఆవిడ దగ్గరే ఉంటుందని గమనించవలెను.

ఇంతకీ ఆవిడ మాట రాయలేదు. దువ్వుకుని చూసి, “మూడో పన్ను గీరుకుంటోంది, కాస్త నున్నగా చేసివ్వండి” అంది. గాజుపెంకు కోసం వెతుకుతున్నాను.

చిత్తగించవలెను.

నకలు: గోల్కొండ ఖిలా బందీఖానా అధికారి గారికి, సమాచారం నిమిత్తం. మా బావమరిదికి, తగు చర్య నిమిత్తం.