శ్రద్ధగా విన్నాం, ఇక దయచేయండి

మన మాట వినేవాళ్లు లేరని ఏడ్చే కాలం పోయింది. ఇప్పుడు ఎక్కడ చూసినా వినేవాళ్లే. ఆఫీసులో మేనేజరు వింటాడు, ఆయన పైన ఇంకో ఆయన వింటాడు, ఇద్దరూ సరిగా విన్నారో లేదో తెలుసుకోవడానికి హెచ్చార్ వాళ్లు ఏడాదికోసారి సర్వే పెట్టి అదీ వింటారు. ఇంట్లో మొగుడు వింటాడు. కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం సాక్షాత్తూ ప్రభుత్వమే కూర్చుని వింటుంది. ఇంతమంది ఇంత శ్రద్ధగా వింటున్నా ఏ పనీ అంగుళం కదలడం లేదంటే, తప్పు చెప్పుకునేవాళ్లదే అయి ఉండాలి. గోడు వెళ్లబోసుకోవడం కూడా చేతకాని జనం!

వినడమిప్పుడు రెండు రోజుల కోర్సు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో హోటల్ ఏసీ హాల్లో నేర్పుతారు, మధ్యలో బఫే. కొంచెం ముందుకు వంగాలి. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, మరీ గుడ్లురిమినట్టు కాకుండా. ఫోను బోర్లా పెట్టాలి. చేతులు కట్టుకోకూడదు. ఉండుండి తల ఊపాలి. చివర్లో అసలు విద్య: ఎదుటి మనిషి చెప్పినదాన్నే నాలుగు మాటలు అటూ ఇటూ చేసి తిరిగి వాళ్లకే అప్పజెప్పాలి. దాంతో వాళ్ల మనసు తేలికపడుతుందట.

ఈ కోర్సు గట్టెక్కిన టీమ్ లీడుకూ, అతని కింద పనిచేసే అమ్మాయికీ సంభాషణ ఇలా నడుస్తుంది.

"అన్నా, ఆర్నెల్ల నుంచి రాత్రి పదకొండింటి కాల్ నేనే తీసుకుంటున్నా. పాపకి మూడేళ్లు. వారంలో రెండ్రోజులైనా ఇంకెవరికైనా వెయ్యండి."

"అంటే, రాత్రి కాల్ నీకు ఇబ్బందిగా ఉందంటావ్."

"అవునన్నా."

"పాప చిన్నది కాబట్టి మరీ కష్టంగా ఉందంటావ్."

"అదే కదన్నా చెప్తున్నా."

"చూడమ్మా, ఇది వచ్చి నాతో చెప్పావు చూడు, అది చాలా పెద్ద విషయం. నీ పరిస్థితి నాకు పూర్తిగా అర్థమైంది."

"మరి కాల్?"

"ఇవాళ్టికి నువ్వే తీసుకో. వచ్చేవారం మళ్లీ కూర్చుని మాట్లాడదాం."

వచ్చేవారం నిజంగానే కూర్చుంటారు. మాట తప్పే మనిషి కాడు, క్యాలెండర్లో అరగంట బ్లాక్ చేసి పెడతాడు. ఆ అరగంటలో ఆగిపోయిన పనిని ఆ అమ్మాయి రాత్రి కాల్ అయ్యాక చేసుకుంటుంది.

పాతకాలపు మేనేజరు వేరు. ఉంటే ఉండు, పోతే పో అనేవాడు. ఆ మాటలో ఒక సుగుణం ఉండేది, విన్నవాడికి ఒళ్లు మండేది. ఒళ్లు మండినవాడు పక్క సీటువాణ్ని కలుపుకునేవాడు. ఇద్దరు నలుగురయ్యేవారు. నలుగురు కలిస్తే సంఘమైనా పెట్టేవారు, కట్టగట్టుకుని రాజీనామాలైనా ఇచ్చేవారు. ఇప్పటి శ్రోత అంతదాకా రానివ్వడు. ఫిర్యాదు పట్టుకుని లోపలికి వెళ్లినవాళ్లు కృతజ్ఞతతో బయటికొస్తారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు, విన్నాడు కదా అంటారు. అడగడానికి వెళ్లిన మనిషి ఆయన్నే ఓదార్చి వచ్చేలా చేయడమంటే మాటలా!

ఈ విద్య ముందుగా ఒక కార్ఖానాలో పండింది. షికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ తయారయ్యేవి టెలిఫోను సామాన్లు. 1928, 1930ల మధ్య ఆ యాజమాన్యం తన కార్మికుల్లో 21,000 మందికి పైగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూలు చేసింది. మొదట ప్రశ్నల జాబితా పట్టుకుని అడిగారు. జనం ప్రశ్నను పక్కకు నెట్టి తమ బాధ తాము చెప్పుకోవడం చూసి, జాబితా మూసేసి ఊరికే వినడం మొదలుపెట్టారు. అప్పుడు బయటపడింది అసలు రత్నం. చెప్పుకున్నవాళ్లలో కొందరికి, అక్కడ ఏమీ మారకపోయినా, పరిస్థితి బాగుపడినట్టే తోచింది! అదే 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్ కనిపెట్టాడు. రెండింటిలో యాజమాన్యాల ప్రాణం ఎక్కువసార్లు నిలబెట్టింది ఏదో చెప్పనక్కర్లేదు.

కథ ఇంకా ఉంది. కార్మికులు సంఘం పెట్టుకుని యాజమాన్యంతో బేరమాడే హక్కును అమెరికాలో 1935 నాటి వాగ్నర్ చట్టం ఖాయం చేసింది. 1936లో హాథార్న్‌లోకి కౌన్సెలర్లు దిగారు. వాళ్ల ఉద్యోగమల్లా పనివాళ్ల మధ్య తిరుగుతూ వినడం. జీతం పెంచే అధికారం లేదు, ఫోర్‌మన్‌ను మందలించే అధికారం లేదు. చెవులు తప్ప వేరే పనిముట్టు ఇవ్వలేదు. ఆ రెండు సంవత్సరాలు వెనకా ముందూ రావడం కాకతాళీయమని నమ్మదలుచుకున్నవాళ్లు నమ్మవచ్చు. నాకంత భక్తి లేదు.

ఆ తర్వాత 1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 'యాక్టివ్ లిజనింగ్' అని ఒక చిన్న పుస్తకం రాశారు. ఇవాళ్టి కోర్సులన్నిటికీ మూలం అది. వాళ్లను అనడానికి లేదు. ఇలా వినడంలో వినేవాడికే ప్రమాదం ఉందని, ఎదుటి మనిషి చూసినట్టు లోకాన్ని చూస్తే తన అభిప్రాయాలే తారుమారు కావచ్చని, వింటున్నట్టు నటిస్తే ఎదుటివాళ్లు ఇట్టే పసిగడతారని అందులోనే స్పష్టంగా రాశారు. మన శిక్షకులు ముందుకు వంగడం దాకా తీసుకుని, ప్రమాదం ఉన్న భాగాన్ని లంచ్ బ్రేక్‌లో వదిలేశారు.

అయినా పైదేశపు గురువులు మనకెందుకు? శ్రోతల్లో చక్రవర్తి మన ఇంట్లోనే ఉన్నాడు, ధృతరాష్ట్ర మహారాజు. చూపు లేకపోవడం ఆయన తప్పు కాదు. చెవులు మాత్రం దివ్యంగా ఉన్నాయి. ఉద్యోగపర్వం తిరగేయండి. పాండవుల దగ్గర్నుంచి వచ్చిన సంజయుడు, అసలు కబురు రేపు సభలో చెబుతానని వెళ్లి పడుకున్నాడు. రాజుగారికి నిద్ర రాలేదు. విదురుణ్ణి పిలిపించి రాత్రంతా విన్నాడు. ఒక్కసారి ఆవులించలేదు. నీ మాటలెంత విన్నా తనివి తీరడం లేదు, ఇంకా చెప్పమన్నాడు. ఒకచోట విదురుడు ఇంతకు మించి చెప్పడానికి తాను తగనంటే, సనత్సుజాతుణ్ణి రప్పించి ఆయన చెప్పిందీ విన్నాడు. నువ్వు చెప్పిందంతా నిజమే, కానీ దుర్యోధనుణ్ణి చూడగానే నా బుద్ధి అటే తిరిగిపోతుందని నిజాయితీగా ఒప్పుకున్నాడు కూడా. తెల్లారాక సభలో సంజయుణ్ణి విన్నాడు. రాయబారానికి వచ్చిన కృష్ణుణ్ణి విన్నాడు. భీష్ముణ్ణి విన్నాడు, ద్రోణుణ్ణి విన్నాడు, గాంధారిని సభకు పిలిపించి ఆవిడ మాటా విన్నాడు. అవతలివాళ్లు చివరికి అడిగింది అయిదూళ్లు. పోయింది పద్దెనిమిది అక్షౌహిణులు.

యుద్ధాన్ని కూడా ఆయన వినే గడిపాడు, సంజయుడు పక్కన కూర్చుని చెబుతుంటే. భగవద్గీతలో మొదటి శ్లోకం ఆయన అడిగిన ప్రశ్నే. గీత అంతా ఇద్దరు విన్నారు. అర్జునుడు విని కింద పడేసిన విల్లు ఎత్తాడు. ఈయన విని, తర్వాతేమైంది సంజయా అన్నాడు. సైబర్ టవర్స్ ఎదురుగా ఈ మహానుభావుడికొక కంచు విగ్రహం పెట్టించాలని నా విన్నపం. కొంచెం ముందుకు వంగిన భంగిమ అయితే బాగుంటుంది.

ఇక ఇల్లు. పాతకాలపు మొగుడు పేపరు అడ్డం పెట్టుకుని ఊ కొట్టేవాడు. వినడం లేదని ఆవిడకు తెలుసు, ఆవిడకు తెలుసని ఈయనకు తెలుసు. కొత్తాయన రీల్స్ చూసి ఎదిగాడు. భార్య మాట్లాడుతుంటే టీవీ మ్యూట్‌లో పెడతాడు.

"అత్తయ్యగారు వాళ్లొచ్చి నెలైంది. రోజూ పొద్దున్నే మూడు రకాల టిఫిన్లు నా వల్ల కావట్లేదు."

"బాగా అలిసిపోతున్నావు కదూ."

"అవును."

"నిన్నెవరూ గుర్తించడం లేదనిపిస్తోంది కదూ."

"గుర్తించక్కర్లేదు. రాత్రికి పప్పు నానబోసి పిండి మీరు రుబ్బండి."

"నీ కోపాన్ని నేను గౌరవిస్తున్నాను."

ఈ గౌరవం బరువెంతో ప్రభుత్వమే తూచి పెట్టింది. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తే, మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. 2024లో మళ్లీ అడిగితే ఆడవాళ్లు 289, మగవాళ్లు 88. ఆవిడకు పది నిమిషాలు తగ్గాయని సంబరపడే ముందు, ఆయనకూ తొమ్మిది తగ్గాయని గమనించండి. కాబట్టి ఆ పదీ ఆయన పంచుకున్నవి కావు. తన తొమ్మిది నిమిషాలూ ఆయన వినడానికి కేటాయించాడనుకోవాలి.

పుట్టింటికి తిరిగొచ్చిన కూతురి మాట వినడంలోనూ మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. రాత్రంతా వింటారు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. తండ్రి వరండాలో పచార్లు చేస్తాడు. తెల్లారగానే చీరా జాకెట్టూ పెట్టి, బొట్టు పెట్టి, సర్దుకుపో తల్లీ అని బస్సెక్కిస్తారు. కొన్నాళ్లకు జిల్లా పేజీలో ఆ పిల్ల ఫోటో పడుతుంది. కింద, తమతో ఎన్నోసార్లు చెప్పుకుని ఏడ్చిందని ఆ తల్లిదండ్రులే చెప్పిన మాట. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, ముందుకు పోతాను.

ప్రభుత్వానికి మాత్రం చెవులు పుష్కలం. తెలంగాణలో ప్రజావాణి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకరు మీకోసం అన్నారు, తర్వాతివారు స్పందన అన్నారు, ఆ పైన జగనన్నకు చెబుదాం అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పార్టీ మారినప్పుడల్లా చెవికి కొత్త కమ్మలు పెడతారు, చెవి అదే. పాసుపుస్తకంలో రెండు గుంటలు తక్కువ పడ్డాయని ఒక రైతు బస్సెక్కి కలెక్టరేట్‌కు వస్తాడు. అర్జీ తీసుకుంటారు. నంబరు ఇస్తారు. రండి కూర్చోండి అంటారు, ఇప్పుడు ఆ మర్యాదకు లోటు లేదు. అర్జీ కింద సంతకం పడి మండలానికి పోతుంది. అది చేరేది చాలాసార్లు ఎవరి మీద ఫిర్యాదు చేశాడో వాళ్ల టేబుల్ మీదికే. కొన్నాళ్లకు ఫోన్‌లో మెసేజ్ వస్తుంది, మీ సమస్య పరిష్కరించబడినది అని. రెండు గుంటలు రావు. వినేవాళ్ల ముందుకు పురుగుమందు డబ్బాతో, పెట్రోలు సీసాతో వచ్చినవాళ్ల సంగతి మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. దానికి యంత్రాంగం కనిపెట్టిన జవాబు, గేటు దగ్గర సంచులు వెతకడం.

నాకు నచ్చిన శ్రోత మా వీధి చివర బ్లౌజులు కుట్టే మాస్టరు. తల ఎత్తడు. నోట్లో గుండుసూదులు. చంక దగ్గర పట్టేస్తోందని ఎవరైనా అంటే సానుభూతి మాట దేవుడెరుగు, బిగువుగా కుట్టమన్నది మీరే కదా అని దెబ్బలాడతాడు. దెబ్బలాడుతూనే బ్లేడు తీసి కుట్టు విప్పుతాడు. ఇలాంటి దురుసు మనుషులకు లోకంలో పేరు రాదు. డాక్టర్లు రోగి చెప్పేది పూర్తిగా వినకుండా సగటున 18 సెకన్లలోనే అడ్డుపడుతున్నారని 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు రాస్తే ఎంతమంది ముక్కు మీద వేలేసుకున్నారో! అడ్డుపడటం తప్పే, ఒప్పుకుంటాను. కానీ పంతొమ్మిదో సెకనుకు ఆయన చేతిలో పెన్ను ఉంటుంది. మన మేనేజరు ముప్పై నిమిషాలు విన్నాక కూడా ఫోను బోర్లానే ఉంటుంది.

మన చట్టాల్లో ఒకటి ఈ గుట్టు కనిపెట్టింది, 2005 నాటి సమాచార హక్కు చట్టం. దరఖాస్తుదారుణ్ణి సానుభూతితో చూడమని కాని, కళ్లలోకి చూడమని కాని అందులో ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే ఆ అధికారి జేబు నుంచి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000. అంతే సంగతి. వినని చెవి కూడా మీటరు తిరుగుతుంటే ఎంత చురుగ్గా పనిచేస్తుందో సమాచార కమిషన్ గడప తొక్కినవాళ్లను అడగండి.

కనుక ఈ రేటునే ఆఫీసులకూ, కలెక్టరేట్లకూ, కాపురాలకూ వర్తింపజేయాలని ప్రభుత్వానికి నా అర్జీ. అర్థమైందని నోరారా అన్న రోజు నుంచి 30 రోజులు గడువు. రాత్రి కాల్ మారకపోయినా, గుంటలు ఎక్కకపోయినా, పిండి రుబ్బకపోయినా ముప్పై ఒకటో రోజు నుంచి రోజుకు 250. తల ఊపుడుకు మినహాయింపు లేదు. అయితే ఈ లెక్కన జరిమానా మొదలైన వందో రోజుకల్లా 25,000 నిండిపోయి మీటరు ఆగిపోతుంది. మేనేజర్లకూ అధికారులకూ అది సరిపోతుందేమో కాని, మొగుళ్ల విషయంలో మాత్రం గరిష్ఠ పరిమితి ఎత్తేయాలి.